నడుము నొప్పి, కడుపు మంట: ఈ రెండింటికీ చుట్టరికం ఏమిటి?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మనం నలుగురు ఆడవాళ్ళం ఒకచోట చేరామంటే, పిల్లల చదువులూ, కూరగాయల ధరలూ అయిపోయాక మాట తప్పకుండా ఒంటి బాధల మీదికి వస్తుంది. ఒకావిడ "నడుము పట్టేసిందండీ, వంగితే లేవలేకపోతున్నాను" అంటుంది. పక్కనున్నావిడ "నాకు నడుము ఒక్కటే అయితే బాగానే వుండును, దానికి తోడు కడుపులో మంట కూడాను. ఏం తిన్నా గొంతులోకి ఎగదన్నుతుంది" అంటుంది. ఇద్దరి చేతి సంచులూ వెదికితే రెండు రకాల మాత్రలు కనిపిస్తాయి. ఒకటి నొప్పికి, రెండోది గ్యాసుకు. ఈ రెండు బాధలూ ఒకే మనిషిని పట్టుకోవడం ఊరికే జరిగిందా, లేక వాటి మధ్య ఏదైనా చుట్టరికం వుందా? ఈరోజు ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా మా పెద్దమ్మ విషయం చెబుతాను. ఆమెది ఎల్లంతకుంట. సిరిసిల్ల దగ్గరి మండల కేంద్రం. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో వుండేది, 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. సిరిసిల్ల అనగానే మనకు మరమగ్గాలు గుర్తుకొస్తాయి. కానీ సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఏ వాడకు వెళ్ళినా అరుగుల మీద, వాకిళ్ళలో చాటలు ముందేసుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. మన దేశంలో బీడీ పని మీద బతికేవారు దాదాపు 50 లక్షల మంది అని లెక్క. అందులో ఎక్కువమంది స్త్రీలే. వారి పని పరిస్థితుల కోసం 1966లో ఒక చట్టం, సంక్షేమ నిధి కోసం 1976లో మరో చట్టం వచ్చాయి. కానీ ఇంటి మూల కూర్చుని చేసే పనిలో నడుము ఎలా వంగుతోందో ఏ చట్టం వచ్చి చూస్తుంది?

మా పెద్దమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ బీడీలు చేసింది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. కట్టకు పాతిక చొప్పున వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. ఆ వెయ్యీ పూర్తయ్యేదాకా మెడ వంచింది వంచినట్టే. పొద్దున్నే ఒక గ్లాసు చాయ తాగి కూర్చుంటే, అన్నం మాట పదకొండు దాటాకనే. నలభై ఏళ్ళు వచ్చేసరికి నడుము నొప్పి మొదలైంది. నేను వెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని, "ఎట్లున్నవ్ పెద్దమ్మా?" అని. "ఏం జెప్పాలె బిడ్డా, కూసుంటె నడుం గుంజుతది, లేస్తె కడుపుల మంట. ఓ గోలీ ఏసుకుంటె పూట గడుస్తది" అనేది.

ఆ గోలీ రోజుకొకటి నుంచి రెండయింది. కడుపు మంటకు మరొక గోలీ తోడైంది. ఒకనాడు పొయ్యి ముందు కళ్ళు తిరిగి పడిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందునుంచే విరేచనం తారులాగా నల్లగా అవుతోందట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో గొట్టం వేసి చూస్తే జీర్ణకోశంలో పుండు, అందులోంచి రక్తం కారుతోంది. డాక్టరుగారు "ఏం మందులు వాడుతున్నావమ్మా?" అని అడిగారు. పెద్దమ్మ చెప్పిన జవాబు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "మందులేం వాడ సారూ. నొప్పి గోలీలే" అంది.

చూశారా! పన్నెండేళ్ళు మింగిన మాత్ర ఆమె దృష్టిలో మందే కాదు. అది ఉప్పు, పప్పులాగా ఇంటి సరుకు అయిపోయింది. ఇది ఒక్క పెద్దమ్మ మాట కాదు. పట్నంలో గ్యాసు పొయ్యి ముందు నిలబడే మన మాటా ఇదే.

కడుపులో ఏం జరుగుతుంది?

మన జీర్ణకోశం ఒక సంచి లాంటిది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా జీర్ణరసం అందులో ఊరుతుంది. అందులోని ఆమ్లం మాంసం ముక్కను కూడా కరిగించగలిగినంత ఘాటైనది. మరి ఆ సంచే ఎందుకు కరిగిపోదు అంటే, లోపలి గోడకు జిగటగా వుండే ఒక పూత వుంటుంది. కుండకు లోపల కళాయి వేసినట్టు అనుకోండి. ఆ పూత పలచబడినా, చిరిగినా ఆమ్లం గోడను తాకుతుంది. గోడ ఎర్రబడి వాస్తుంది. దీన్నే డాక్టర్లు గ్యాస్ట్రైటిస్ అంటారు. మనం వాడుకలో "గ్యాస్ట్రిక్" అనేస్తాం. వాపు ముదిరి గుంట పడితే అది అల్సరు, అంటే పుండు.

ఈ పూత చెడడానికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది ఒక సూక్ష్మజీవి. పూర్వం కడుపులో పుండంటే కారం తినడం వల్ల, దిగులు వల్ల అని అందరూ నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు జీర్ణకోశంలో బతికే హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమిని గుర్తించారు. ఆమ్లంలో క్రిమి బతకడమేమిటని చాలామంది నవ్వారు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్దిరోజుల్లోనే ఆయన కడుపు వాచింది. ఈ పరిశోధనకు 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవారి నుంచి అంటుకుంటుంది. ఊపిరి పరీక్షతోనో, మల పరీక్షతోనో, గొట్టం వేసి చూసో దీన్ని కనిపెడతారు. ఆమ్లం తగ్గించే మందుతో పాటు యాంటీబయాటిక్కులు కలిపి సాధారణంగా రెండు వారాలు వాడితే చాలామందిలో పోతుంది. మధ్యలో "బాగానే వుంది కదా" అని ఆపేయకూడదు.

రెండో కారణం నొప్పి మాత్ర. నడుముకూ కడుపుకూ మధ్య వున్న అసలు వంతెన ఇదే. అందుచేత దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నడుముకు వేసుకున్న మాత్ర కడుపును ఎందుకు కొడుతుంది?

నొప్పి పుట్టిన చోట మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. వాపు, సలుపు వాటివల్లే ఎక్కువవుతాయి. చిత్రమేమిటంటే జీర్ణకోశపు గోడ మీద జిగట పూతను నిలబెట్టేవి కూడా ఆ కోవకు చెందినవే. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని ఆపేస్తాయని 1971లో ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ కనిపెట్టాడు. ఆ పరిశోధనకు 1982లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అంటే నడుములో సలుపును ఆపే మాత్రే కడుపులోని కళాయిని కూడా గీకేస్తోందన్నమాట. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇవన్నీ ఆ కుటుంబానివే. పైన రేకు మీద పేరు వేరే వుండవచ్చు, లోపలి సరుకు ఒకటే.

ఇక్కడ మనలో వున్న రెండు అపోహలు చెప్పాలి. "అన్నం తిన్నాక వేసుకుంటున్నానండీ, ఏమీ కాదు" అంటారు. తిన్నాక వేసుకుంటే అప్పటికప్పుడు వచ్చే మంట, వికారం తగ్గుతాయి, నిజమే. కానీ పుండు పడే ప్రమాదం పూర్తిగా పోదు. ఎందుకంటే మాత్ర కడుపును తాకడం వల్లనే కాదు, రక్తంలో కలిసి తిరిగి వచ్చి కూడా పూతను చెడగొడుతుంది. రెండో అపోహ, "మాత్ర కాదు, నొప్పి సూది వేయించుకున్నాను, కడుపుకు సంబంధం లేదు" అనడం. పైన చెప్పిన కారణం చేతనే సూది వల్ల కూడా అదే నష్టం.

నొప్పి మాత్ర ఒకటీ అరా అవసరానికి వేసుకుంటే కొంపలేం మునగవు. వారాలూ నెలలూ సొంతంగా వేసుకోవడం, రెండు రకాల నొప్పి మాత్రలు కలిపి వేసుకోవడం, అరవై దాటినవాళ్ళు, పూర్వం అల్సరు వచ్చినవాళ్ళు, రక్తం పలచబడే మందులో స్టెరాయిడ్లో వాడేవాళ్ళు తోచినట్టు వేసుకోవడం, ఇవే ప్రమాదం. పైగా కడుపులో ఆ క్రిమి వున్నవారు నొప్పి మాత్ర కూడా వాడితే రెండూ కలిసి దెబ్బతీస్తాయి. అలాంటివారికి తప్పనిసరిగా నొప్పి మాత్ర ఇవ్వాల్సి వస్తే డాక్టర్లు కడుపును కాపాడే మందు కూడా జతచేస్తారు. మామూలు నొప్పికి పారసిటమాల్ కడుపుకు చాలావరకు సౌమ్యమైనది. అయితే అదీ మోతాదు మించితే కాలేయానికి ముప్పు.

మరొక మాట. గుండె జబ్బుకు డాక్టరు రాసిచ్చిన చిన్న ఆస్పిరిన్ మాత్రను, ఈ ప్రసంగం చదివి మీ అంతట మీరు ఆపేయకండి. కడుపులో మంటగా వుందని ఆ డాక్టరుకే చెప్పండి.

వంగి కూర్చోవడం వల్ల గ్యాస్ట్రిక్ వస్తుందా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. వెన్నుపూస పక్కకు జరిగి నరం నొక్కుకోవడం వల్లనే కడుపు చెడిందని, వెన్ను సరిచేస్తే గ్యాస్ట్రిక్ పోతుందని చెప్పేవారూ వున్నారు. దీనికి ఆధారం లేదు. కూర్చునే తీరు వల్ల జీర్ణకోశపు గోడ వాచదు. మెడ విరిచి, నడుము టక్కుమనిపించి కడుపులోని క్రిమిని చంపలేరు. ఆ పేరుతో డబ్బు, కాలం పోగొట్టుకోకండి.

అయితే కూర్చునే తీరుకు కడుపుతో బొత్తిగా సంబంధం లేదనీ అనలేం. మంట అని మనం చెప్పేవాటిలో సగం బాధ, ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వచ్చేది. అన్నవాహిక జీర్ణకోశంలో కలిసేచోట ఒక మూత వంటి కండరం వుంది. నిండిన తోలుతిత్తిని మధ్యకు మడిచి నొక్కితే ఏమవుతుంది? నీళ్ళు మూతి వైపు తన్నుతాయి. అన్నం తిన్న వెంటనే ముందుకు వంగి కూర్చున్నా, వంగి అంట్లు తోమినా, చీరకట్టు, పావడా బొందు బిగించినా కడుపు మీద అదే ఒత్తిడి. పెద్దమ్మ అన్నం తిన్న చేయి కడుక్కుని మళ్ళీ చాట ముందేసుకునేది. మనం అన్నం తిన్నాక సోఫాలో గూనిగా ఒరిగి టెలివిజన్ చూస్తాం, లేదా మెడ వంచి సెల్‌ఫోన్ చూస్తాం. తేడా పెద్దగా లేదు.

ఇక నడుము సంగతి. వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్లలాంటి డిస్కులుంటాయి. 1960లలో స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్ నాకెమ్సన్ అనే వైద్యుడు ఆ దిండ్ల మీద ఎంత ఒత్తిడి పడుతుందో సూది గుచ్చి కొలిచాడు. నిలబడినప్పటికంటే కూర్చున్నప్పుడు, అందులోనూ ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేలింది. బీడీలు చుట్టే తల్లీ, కత్తిపీట ముందు గంటసేపు వంగే ఇల్లాలూ, కంప్యూటర్ ముందు కూర్చునే కూతురూ ముగ్గురూ ఆ దిండ్లను ఒకేలా నొక్కుతున్నారు. నడుము నొప్పి పుడుతుంది. నొప్పికి మాత్ర. మాత్రకు మంట. గుండ్రంగా తిరిగే ఈ చక్రంలో మొదటి ఆకు మనం కూర్చునే తీరు. అందుచేత నడుమును కాపాడుకుంటే కడుపు సగం దానంతటదే కాపాడబడుతుంది.

వయసు మళ్ళాక ఇంకొక లంకె కలుస్తుంది. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారతాయి. వెన్నుపూసలు కొద్దికొద్దిగా కుంగి వీపు గూని తిరుగుతుంది. "అమ్మ కురచైపోతోంది" అనుకుంటాం గాని పట్టించుకోం. గూని పెరిగినకొద్దీ పొట్టలో చోటు తగ్గి జీర్ణకోశం మీద ఒత్తిడి పెరుగుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు, పైకి తన్నినట్టు వుంటుంది. ఇంట్లో పెద్దావిడ ఎత్తు తగ్గుతోందనిపిస్తే ఎముకల బలం చూపించండి. అది "ముసలితనంలే" అని వదిలేసే సంగతి కాదు.

కడుపు నుంచి వెన్నుకు

ఇప్పటిదాకా నడుము కడుపును ఎలా చెడగొడుతుందో చెప్పుకున్నాం. కడుపు కూడా వెన్నును దెబ్బతీయగలదు. ఇది చాలామందికి తెలియదు.

మనం తిన్న పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, వీటిలో బి-12 అనే విటమిన్ వుంటుంది. అది ఒంటికి పట్టాలంటే జీర్ణకోశపు గోడలో తయారయ్యే ఒక పదార్థం సాయం కావాలి. ఏళ్ళ తరబడి వాపు వుండి గోడ ఎండిపోయినట్టయితే ఆ పదార్థం తయారవడం తగ్గిపోతుంది. అప్పుడు ఎంత తిన్నా బి-12 ఒంటబట్టదు. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ వుంటుంది గనుక లోటు వెంటనే బయటపడదు. అది అయిపోయాక రక్తహీనత, నీరసం, నాలుక మంట మొదలవుతాయి. వెన్నెముక లోపల వుండే వెన్నుపాము కూడా దెబ్బతింటుంది. అరికాళ్ళలో తిమ్మిరి, దూది మీద నడుస్తున్నట్టు వుండటం, చీకట్లో తూలడం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, ఇవీ గుర్తులు. వీటిని "నడుములో నరం పట్టింది" అని తైలం రాసుకుంటూ కూర్చుంటే కాలం దాటిపోతుంది. రక్త పరీక్షలో తెలుస్తుంది. సకాలంలో బి-12 సూదులో మాత్రలో ఇస్తే చాలావరకు కోలుకుంటారు, ఆలస్యమైతే నష్టం మిగిలిపోతుంది.

పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారులకూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవారికీ, ఆమ్లం తగ్గించే మాత్ర ఏళ్ళ తరబడి మింగేవారికీ ఈ లోటు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక్కడ మన తెలుగువాడిని ఒకసారి తలచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో వుండగా, 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈనాడు గర్భిణులకు ఇచ్చే మాత్రలో వున్నది అదే. అది రక్తహీనతను సరిచేసే గొప్ప మందు. కానీ లోటు బి-12ది అయినప్పుడు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల వెన్నుపాము చెడిపోతూనే వుంటుంది. అందువల్ల "రక్తం తక్కువగా వుంది" అనగానే సొంతంగా మాత్రలు కొనుక్కోక, ఏ లోటో పరీక్ష చేయించుకోవాలి.

ఆమ్లం తగ్గించే మాత్రల గురించి కూడా ఒక మాట. అవి మంచి మందులు. పెద్దమ్మ పుండు మానింది వాటితోనే. కానీ అధిక మోతాదులో, ఏడాదికి మించి వాడినవారిలో తుంటి, మణికట్టు, వెన్నుపూస ఎముకలు విరిగే అవకాశం పెరగవచ్చునని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కాబట్టి "ఎన్నాళ్ళు వాడాలి?" అని డాక్టరును అడగడం మన హక్కు. అడగకుండా ఏళ్ళ తరబడి కొనుక్కోవడం మన పొరపాటు.

వీపులో నొప్పి అంతా వీపుది కాదు

లోపలి అవయవాల నొప్పి కొన్నిసార్లు వీపులో తెలుస్తుంది. అల్సరు ముదిరినా, క్లోమం వాచినా పై కడుపులో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోతుంది. పిత్తాశయంలో రాళ్ళుంటే కుడి భుజం కింద రెక్క దగ్గర నొప్పి వస్తుంది. వంగినా, లేచినా, పక్కకు తిరిగినా మారేది సాధారణంగా నడుము నొప్పి. తిండితో, ఆకలితో హెచ్చుతగ్గులయ్యే వీపు నొప్పి అయితే కడుపును అనుమానించాలి.

అన్నిటికంటే ముఖ్యంగా మన ఆడవాళ్ళు గుర్తుంచుకోవలసింది గుండె. "గ్యాసు పట్టేసింది" అని సోడా తాగి పడుకున్నది నిజానికి గుండెపోటు అయిన సందర్భాలు తక్కువ కాదు. పై కడుపులో, ఛాతీలో, రెక్కల మధ్య బిగపట్టినట్టు వుండి, చెమట, ఆయాసం, దవడకో చేతికో లాగడం వుంటే వంట సంగతి ఆలోచించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి.

ఈ కింది గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు డాక్టరును చూడాలి. విరేచనం తారులా నల్లగా కావడం (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి నల్లగా అయితే అది వేరు, అయినా అడగండి). కాఫీ డికాషన్ రంగులో వాంతి. ముద్ద మింగుడు పడకపోవడం. కారణం లేకుండా బరువు తగ్గడం. పడుకున్నా తగ్గని, రాత్రి నిద్ర లేపే వీపు నొప్పి, దానికి తోడు జ్వరం. కాళ్ళు బలహీనపడటం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం మీద అదుపు పోవడం. ఈ చివరిది వెన్నులో నరాలు నొక్కుకుపోయిన గుర్తు. అందులో గంటలు కూడా లెక్కకు వస్తాయి.

మరి మనం చేయగలిగినదేమిటి?

డబ్బు ఖర్చు లేని పనులే చెబుతాను.

కింద కూర్చుని పని చేయాల్సి వస్తే ఒక జానెడు ఎత్తు పీట వేసుకోండి. వీపు గోడకు ఆనించండి. నడుము వంపులో మడిచిన తువ్వాలు పెట్టుకోండి. చాటయినా, కత్తిపీటయినా మనం దాని మీదికి వంగడం కాదు, దాన్నే ఎత్తు మీద పెట్టి మన దగ్గరికి తెచ్చుకోవాలి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. ఎంత చక్కగా కూర్చున్నా గంటలకొద్దీ కదలకుండా వుంటే నడుము ఊరుకోదు. వంటింటి గట్టు మోచేతి కంటే కాస్త కిందుగా వుండాలి. చాలాసేపు నిలబడాల్సి వస్తే ఒక కాలు చిన్న పీట మీద పెట్టి మార్చుకుంటూ వుండండి. నీళ్ళ బిందె ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచండి.

కొత్తగా నడుము పట్టేస్తే మొదట వేడి కాపడం పెట్టండి. మంచానికి అతుక్కుపోకండి. మెల్లగా నడుస్తూ పనులు చేసుకునేవారే త్వరగా కోలుకుంటారు. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది.

అన్నం వేళకు తినండి. ఇంట్లో అందరూ తిన్నాక చివరికి మిగిలింది, మూడు గంటలకు, అదీ గబగబా తినే అలవాటు మనం పుణ్యం అనుకుంటాం. కడుపు అలా అనుకోదు. పరగడుపున కాఫీలు, టీలు తగ్గించండి. కారం వల్ల పుండు పడదు గాని, పడినదాన్ని మండిస్తుంది. తిన్న వెంటనే వంగే పనులు పెట్టుకోకండి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు వుండాలి. మంట పైకి తన్నేవారు ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు. తలవైపు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెడితే ఇంకా మంచిది. ఎత్తు దిండ్లు పెడితే మెడ, పొట్ట మడతపడి లాభం పోతుంది. బీడీ పని చేసేవారు తంబాకు చేతులతో అన్నం ముట్టకుండా సబ్బుతో కడుక్కోవాలి.

చివరిగా ఒక చిన్న పని. ఈ రోజే ఒక కాగితం తీసుకుని, మీరూ మీ ఇంట్లో వాళ్ళూ మింగే ప్రతి మాత్ర పేరూ, రోజుకెన్నో, ఎన్నాళ్ళనుంచో రాయండి. నొప్పి మాత్ర, గ్యాసు మాత్ర, దుకాణంలో అడిగి తెచ్చుకున్నవి, పక్కింటావిడ ఇచ్చినవి, ఏదీ వదలకండి. డాక్టరు దగ్గరికి ఏ పని మీద వెళ్ళినా ఆ కాగితం చూపించండి. పెద్దమ్మ చేతిలో అలాంటి కాగితం వుండివుంటే రెండు సీసాల రక్తం ఎక్కించే అవసరం వచ్చేది కాదు.

పెద్దమ్మకు పుండు మానింది. పరీక్షలో క్రిమి కూడా కనిపిస్తే దానికీ మందు వాడింది. బీడీలు మాత్రం మానలేదు. మానమని చెప్పడం మనకు తేలిక, ఇల్లు గడవడం ఆమెకు తెలుసు. కానీ ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుంటుంది, చాట కింద చెక్కపీట వచ్చింది, పొద్దున చాయతో పాటు ఒక రొట్టె తింటుంది. ఈ మధ్య వెళ్ళినప్పుడు "నడుము నొప్పి పోయిందా పెద్దమ్మా?" అని అడిగాను. "పోలేదు బిడ్డా, గని మునుపటి లెక్క లేదు. గోలీ ఏసుకునేటప్పుడు ఇప్పుడు మాత్రం అడిగి ఏసుకుంటున్న" అంది.

అడిగి వేసుకోండి. నేను చెప్పదలచుకున్నది అంతే. సెలవు.